ఏడు ట్రేల పండుగ

లేసీకి అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. తన బల్ల దగ్గరికి వచ్చిన మనిషి కడుపు నిండకుండా లేచి వెళ్లిపోవడం. పాముకి భయపడదు, పిడుగుకి భయపడదు. బ్రేకులు సరిగా పట్టని పాత ట్రక్కులో కొండదారి దిగేటప్పుడు కూడా నిబ్బరంగానే ఉంటుంది. కానీ నలుగురు వస్తున్నారంటే చాలు, చేసింది సరిపోతుందా అని గుండె దడదడలాడుతుంది. ఇద్దరికి వండమంటే ఐదుగురికి వండి, మిగిలింది మూడు రోజులు తానే తినే రకం.

నవంబరు మొదట్లో ఒక పొద్దున, ఎనిమిది నెలల పిల్లాణ్ని చంకనేసుకుని, ఐదేళ్ల జూనీ ముందు జావ గిన్నె పెడుతుంటే గోడ మీది ఫోన్ మోగింది. భర్త డస్టిన్ అప్పుడే కలప మిల్లుకి బయల్దేరాడు. వారానికి ఐదు రోజులుండే పని ఎండాకాలం నుంచీ మూడు రోజులైంది. బల్లకి ఆ చివర అత్తగారు వర్నా కుడిచేతికి పిండికట్టుతో, ఎడమచేత్తో కాఫీ తాగలేక తాగుతోంది. పది రోజుల కిందట మంచుపట్టిన మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఫోన్ చేసింది రోండా, డస్టిన్ అక్క. నాక్స్‌విల్లో బడి ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ఈ ఏడు అమ్మ చెయ్యి ఇలా ఉంది కాబట్టి నవంబరు నాలుగో గురువారం వచ్చే పండుగ, థ్యాంక్స్‌గివింగ్‌కి అందరం ఊళ్లో ఏదైనా హోటల్‌కి పోదామని, ఎవరి డబ్బు వాళ్లు కట్టుకుంటే ఎవరికీ బరువు ఉండదని చెప్పింది. ఫోన్లో మాట వంటిల్లంతా వినిపించింది. వర్నా కాఫీ కప్పు పక్కకి జరిపి, కిటికీ అవతల ఆకులు రాలిన కొండని చూస్తూ కూర్చుంది. నలభై ఒక్క ఏళ్లుగా ఆ పండుగ ఆ ఇంట్లోనే, ఆమె చేతి మీదే జరుగుతోంది. పంతొమ్మిది మంది. టర్కీ కోడి దగ్గర్నుంచి పెకాన్ పప్పులతో కాల్చే 'పై' అనే తీపి వంటకం దాకా అన్నీ ఆమే. వచ్చేవాళ్లు చేతులూపుకుంటూ రావాలి, మోకాళ్ల మీద చేతులేసుకుని ఆయాసపడుతూ పోవాలి. గరిటె పట్టుకుని ఎవరైనా పొయ్యి దగ్గరికొస్తే మోచేత్తో పక్కకి నెట్టేది.

లేసీకి ఆ ముఖం చూసి ఏమైందో తెలీదు. తన నోటివెంట వచ్చిన మాట తనకే ఆలస్యంగా వినపడింది.

"వంట నేను చేస్తాను వదినా. పండుగ ఇక్కడే."

అవతలి నుంచి రోండా నెమ్మదిగా, పదహారేళ్లకే బడి మానేసి ఇద్దరు పిల్లల్ని పెంచుకొస్తున్న మనిషివి, కష్టపడగలవని తెలుసు గానీ పంతొమ్మిది మందంటే మాటలు కాదని చెప్పింది. ప్రేమగానే అంది. అందుకే ఇంకా గుచ్చుకుంది.

టర్కీ మాత్రం ఊరికే వచ్చింది. నెలంతా ఒకే దుకాణంలో సరుకులు కొన్నవాళ్లకి అక్కడ ఒక పక్షి ఉచితం. లేసీ ఇరవై రెండు పౌండ్లది ఏరుకుంది. చిక్కంతా మిగతావాటితోనే. వెన్న ధర చూసి ఒకసారి సరుకుల బండి ఆపింది, మీగడ ధర చూసి ఇంకోసారి. పెకాన్ పప్పుల పొట్లం రెండుసార్లు బండిలో వేసి రెండుసార్లు తీసి అరలో పెట్టింది. అత్తగారు ఇన్నేళ్లు ఇదంతా ఎలా తెచ్చిందో అప్పుడు అర్థమైంది. వేసవి అంతా కుట్టుపని చేసి దాచిన డబ్బు ఒక్క గురువారం నాడు బల్ల మీద పరిచేసేదన్నమాట. చివరికి లేసీ బండిలో టర్కీ, ఆలుగడ్డలు, పిండి, కాస్త వెన్న మిగిలాయి.

దుకాణం బయట ట్రక్కులో కూర్చుని, వెనక సీట్లో పిల్లాడు నిద్రపోతుంటే, ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. వర్నా చెల్లెళ్లు ఓపల్, నెల్డా. నెల్డా కూతుళ్లిద్దరు. ఓపల్ కోడలు. భార్య పోయిన గార్లండ్ బాబాయి. చివరికి రోండా. ఈసారికి ఒక్కో వంటకం చేసుకొస్తారా అని అడిగింది. ఎవరు ఏది తేవాలో మాత్రం చెప్పలేదు. ఆ ఇంటి ఆడవాళ్లతో నువ్వు చిక్కుళ్లు తీసుకురా అంటే, మిగతావేవీ నీకు చేతకావు అన్నట్టే. అందుకని అందరితోనూ ఒకే మాట చెప్పింది: మీ చేతికి ఏది బాగా కుదురుతుందో అది తీసుకురండి.

విసుక్కుంటారేమో అని భయపడింది. ఒక్కరూ విసుక్కోలేదు. ఓపల్ అయితే ఫోన్లో గొంతు తగ్గించి, నిజంగానా, మీ అత్తయ్యకి తెలుసా అని పెళ్లిపిల్లలా అడిగింది.

అత్తయ్యకి తెలీదు. పండుగకి ముందు ఆదివారం చర్చి మెట్ల మీద ఓపలే నోరు జారింది.

ఇంటికొచ్చాక వర్నా కోటు కూడా విప్పలేదు. వంటింటి మధ్యలో నిలబడింది. లేసీ ఆలుగడ్డలు కడుగుతోంది. వర్నా జూనీని బొమ్మలతో వేరే గదిలోకి పొమ్మంది.

"నా ఇంటికి పిలిచిన వాళ్లని తిండి మోసుకు రమ్మన్నావటగా."

"అవును అత్తయ్యా."

"నలభై ఒక్క ఏళ్లు. మా ఆయన పోయిన ఏడు కూడా ఇంకొకళ్ల గిన్నె ఈ బల్ల ఎక్కలేదు. ఇప్పుడు ఊరందరికీ తెలిసిపోయింది, వర్నా ఇంట్లో గతిలేదని."

"గతిలేదని కాదు. నాకు మీ అంత చేతకాదు, డబ్బూ లేదు. ఉన్నదానితో చేస్తే చాలదని భయమేసింది."

"చాలకపోతే నన్నడగాలి. నా డబ్బుల డబ్బా తీసిచ్చేదాన్ని."

ఆ డబ్బాలోది ఆసుపత్రికే అయిపోయిందని ఇద్దరికీ తెలుసు. లేసీ ఆ మాట అనలేదు. చేతులు తుడుచుకుని, ఇన్నాళ్లూ డస్టిన్‌కి తప్ప ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. తనకి పదకొండేళ్లప్పుడు ఇలాంటి పండుగ నాడే మేనమామ వచ్చాడు. బల్ల దగ్గర కూర్చుని, గిన్నెలో ఎంతుందో చూసి, దార్లో తినొచ్చానని లేచిపోయాడు. లేసీ అతని టోపీ ఇవ్వడానికి వెనకాలే పరుగెత్తింది. ట్రక్కులో కూర్చుని పొడి బిస్కెట్లు నములుతున్నాడు. తనని చూసి నవ్వబోయాడు, నోరు నిండా ఉండి నవ్వలేకపోయాడు.

"ఆయన మళ్లీ రాలేదు అత్తయ్యా. మా అమ్మ ఆ తర్వాత ఎవర్నీ పిలవలేదు. నాకు పరువు పోయినా ఫరవాలేదు. మనిషి అలా వెళ్లకూడదు, అంతే."

వర్నా ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. కానీ నలభై ఏళ్ల పట్టింపు ఒక్క మాటతో కరగదు.

"అయితే నీ పండుగ నువ్వు చేసుకో. గురువారం నా గది తలుపు తట్టొద్దు."

ఆ నాలుగు రోజులూ ఇంట్లో చెంచా కింద పడినా ఉరుములా వినిపించింది. డస్టిన్ అమ్మకీ పెళ్లానికీ మధ్య అడకత్తెరలో పోకలా నలిగాడు. బుధవారం రోండా మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి తియ్యదనం లేదు.

"అమ్మ ఏడ్చిందట. చూడు లేసీ, రేపు ఇది చెడితే వచ్చే ఏటి నుంచి పండుగ మా ఇంట్లో. అమ్మ కూడా మా దగ్గరే ఉంటుంది. నేను తీసుకెళ్లిపోతాను."

పండుగ పోతే పోయె. ఆ మనిషి పోతే ఆ కొండమీది ఇల్లేం ఇల్లు. పిల్లాడికి కడుపునొప్పి పట్టి ఏడ్చిన రాత్రుల్లో తనని పడుకోమని చెప్పి, తెల్లార్లూ ఆ పెద్ద భుజం మీద వాణ్ని వేసుకు తిరిగింది వర్నాయే. లేసీ ఫోన్ పెట్టేసి టర్కీ కరిగిందో లేదో మళ్లీ చూసుకుంది. అది ఆదివారం నుంచీ ఫ్రిజ్‌లో కరుగుతూనే ఉంది. అప్పటికి ఆ రోజు చూడడం ఏడోసారి.

గురువారం తెల్లవారి మంచు విడిచి మంచి ఎండ కాసింది. లేసీ టర్కీకి వెన్న రాసి ఓవెన్లో పెట్టింది. ఆలుగడ్డలు ఉడకబెట్టి మెదిపింది, రొట్టెముక్కలు కాల్చింది. ఒక్క డ్రెస్సింగ్ జోలికి మాత్రం పోలేదు. మొక్కజొన్న రొట్టె నలిపి, ఉల్లి, సెలెరీ, సేజ్ ఆకు కలిపి, కోడిరసంతో తడిపి కాల్చే ఆ వంటకం ఆ ఇంటి ఆడవాళ్లకి గుడిలో దేవుడంత. వర్నా, ఓపల్, నెల్డాల అమ్మ చేసేదట, ఇప్పుడు వర్నా చేస్తుంది. రాసిన కాగితం లేదు, అడిగితే చెప్పినవాళ్లు లేరు. ఎవరో ఒకరు తెస్తారులే అని వదిలేసింది.

పదకొండున్నరకి ఓపల్ వచ్చింది. చేతిలో వెండికాగితం కప్పిన పెద్ద ట్రే. సేజ్ వాసన గుప్పుమంది. లేసీ గుండె కుదుటపడింది, డ్రెస్సింగ్ వచ్చేసింది. పది నిమిషాలకి నెల్డా వచ్చింది. ఆమె ట్రేలోంచీ సేజ్ వాసనే. ఆమె పెద్ద కూతురు. చిన్న కూతురు. ఓపల్ కోడలు. గార్లండ్ బాబాయి ట్రే మూత తీస్తూ, మీ పిన్ని పోయాక మొదటిసారి పొయ్యి ముట్టించానమ్మా అన్నాడు. డ్రెస్సింగే. లేసీ నవ్వుతూనే ఉంది కానీ చెవులు వేడెక్కుతున్నాయి. చిలగడదుంపలు లేవు, చిక్కుళ్లు లేవు, పిల్లలు ఎదురుచూసే పై ఒక్కటీ లేదు. ఇక రోండా ఒక్కతే మిగిలింది.

రోండా కారు దిగి లోపలికొచ్చింది. బల్ల మీద వరసగా ఆరు ట్రేలు చూసి ఆగిపోయింది. చేతిలోది దించలేదు, తిప్పి పట్టుకెళ్లనూ లేదు. లేసీ వెళ్లి మూల కాగితం కొంచెం ఎత్తి చూసింది. ఏడోది.

మగవాళ్లు ముందు నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఓపల్ చెల్లెలి ట్రేలో ఉడికిన గుడ్డు ముక్కలు చూసి, అమ్మ చేతిదని చెప్పి ఇదేమిటే, గుడ్లెప్పుడు వేసింది అంది. నెల్డా, వెయ్యకపోవడమేమిటి, నా చేత్తోనే ఒలిచిచ్చేదాన్ని అంది. అమ్మ వంట నీకేం తెలుసు, నువ్వు పుట్టేసరికే అమ్మ సగం అరిగిపోయింది అని ఓపల్ అనేసింది. అనకూడని మాట. నెల్డా మెడ ఎర్రబడింది. ట్రే మీద కాగితం మళ్లీ కప్పి, కొక్కేనికున్న కోటు అందుకుంది. ఆమె కూతుళ్లు ఒకరినొకరు చూసుకుని తమ కోట్ల కోసం లేచారు.

లేసీ బల్లవైపు చూసింది. బల్ల నిండా తిండి ఉంది. అయినా మనుషులు ఆకలితో వెళ్లిపోతున్నారు. ఇన్నాళ్లూ తాను భయపడింది గిన్నె అడుగు కనబడుతుందని. గిన్నె నిండా ఉండగా కూడా ఇది జరగొచ్చని తోచనేలేదు.

తట్టొద్దన్న తలుపు దగ్గరికి నడిచింది. తట్టలేదు. తీసేసింది.

వర్నా మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. మంచి నీలం గౌను వేసుకుని ఉంది, ఎడమచేత్తో పెట్టుకున్న బొత్తాలు వంకరగా ఉన్నాయి. అన్నీ వింటూనే ఉందని ముఖం చెబుతోంది.

"అత్తయ్యా, నెల్డా అత్తయ్య తినకుండా వెళ్లిపోతోంది. నేనాపితే ఆగదు. మీ అమ్మ ఎలా చేసేదో తెలిసిన మనిషి ఈ ఇంట్లో మీరొక్కరే. తిట్టాలంటే రేపు నన్ను తిట్టండి. ఇప్పుడు రండి."

వర్నా లేచింది. లేసీ ఆమె బొత్తాలు సరిచేసింది. ఆమె చేయించుకుంది.

గదిలోకి ఆమె రాగానే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వర్నా చెంచా ఇమ్మని ఎడమచెయ్యి చాచింది. ఓపల్ ట్రే దగ్గర మొదలుపెట్టింది. నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మింగింది.

"ఇది గని మూసేసిన ఏడుది. మొక్కజొన్న పిండి సగమే ఉంటే, పాత గోధుమ బిస్కెట్ రొట్టెలు నలిపి కలిపింది అమ్మ. నీకు ఆరేళ్లు ఓపల్."

నెల్డా చేతిలోంచి ట్రే తీసి బల్ల మీద పెట్టించింది. ఇంకో చెంచా.

"గుడ్లు వేసింది. నెల్డాకి జ్ఞాపకముంది నిజమే. అప్పటికి కోళ్లు కొన్నాం, ఓపల్, నువ్వు మిల్లు పనికి ఊరెళ్లిపోయావు, నీకు తెలీదు." గార్లండ్ ట్రేలోంచి తిని తల ఊపింది. "పందిని కోసిన ఏడు." మిగతా మూడింటి దగ్గరా అలాగే. ఆపిల్ ముక్కలు పడింది ఒక చలికాలం, ఉల్లిపాయలు దొరకనిది ఒక ఏడు, మిరియాలెక్కువైంది నాన్నకి రొంప పట్టినప్పటిది.

చివరిది రోండాది. పాయసంలా జారుడుగా ఉంది. చూసి ఓపల్ కోడలు నోరు నొక్కుకుంది. వర్నా రెండు చెంచాలు తింది.

"అమ్మకి ఆఖర్న పళ్లు లేవు. అందుకని మెత్తగా చేసుకునేది. ఈ పిల్ల ఆవిడ ఒళ్లో కూర్చుని ఇదే తింది."

చెంచా కింద పెట్టి, అందరివైపూ తిరిగింది. "అందరూ అమ్మ చేసినట్టే చేశారు. అమ్మ ఏ రెండేళ్లూ ఒక్కలా చెయ్యలేదు. ఇంట్లో ఏముంటే అది వేసింది. ఏమీ లేనప్పుడు, వచ్చినవాళ్లు ఏం తెస్తే అది వేసింది."  తానన్న మాట తనకే తగిలింది. తర్వాత లేసీవైపు చూసి, "నేనది మర్చిపోయాను" అంది.

నెల్డా కోటు మళ్లీ కొక్కేనికెక్కింది. ఓపల్ వెళ్లి చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది, క్షమించమని అనలేదు, నీ గుడ్లది నాకే ముందు వడ్డించు అంది. వర్నా అప్పటికే హుకుములు మొదలుపెట్టింది. కింద నేలమాళిగలో తాను వేసవిలో నిల్వ పెట్టిన సీసాలున్నాయి, చిక్కుళ్లు, మొక్కజొన్న గింజలు, బీట్‌రూట్, పీచ్‌పండ్లు, అన్నీ పైకి తెమ్మంది. ఆ సీసాలు ముట్టుకోవడానికి ఇన్నాళ్లూ ఎవరికీ ధైర్యం లేదు. పీచ్‌పండ్ల మీద పిండీ వెన్నా వేసి ఓవెన్లో పెడితే పిల్లలకి పై లేని లోటు తీరుతుందంది.

సీసాలకి లేసీ, రోండా దిగారు. ఆ చల్లటి గదిలో రోండా ఒక సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎందుకందరం అదే తెచ్చామో తెలుసా లేసీ. నలభై ఏళ్లుగా అమ్మ వండింది మేం తిన్నాం. మేం వండింది ఆవిడ ఒక్కసారీ తినలేదు. నువ్వు ఫోన్ చేసి, బాగా కుదిరేది తీసుకురా అనగానే, నాకు ఇంకేదీ గుర్తే రాలేదు." కళ్లు తుడుచుకుంది. "రెండో చెంచా కూడా తింది, చూశావా."

"చూశాను వదినా."

"వచ్చే ఏడు నేను చిలగడదుంపలు తెస్తాలే. నువ్వే చెప్పు, ఎవరేం తేవాలో. కొట్లాడితే నా పేరు చెప్పు."

రెండు గంటలకి అందరూ చేతులు పట్టుకుని బల్ల చుట్టూ నిలబడ్డారు. ఎవరికి వారు దేనికి కృతజ్ఞులో చెప్పడం ఆ ఇంటి ఆనవాయితీ. డస్టిన్ పిల్లల పేరు చెప్పాడు. గార్లండ్ పొయ్యి వెలిగించగలిగినందుకు అన్నాడు. జూనీ పీచ్‌పండ్లకి అంది. వర్నా వంతు వచ్చింది.

"నా చెయ్యి విరిగినందుకు," అంది, మామూలు గొంతుతో. అందరూ నవ్విన నవ్వుకి కిటికీ అద్దాలు అదిరాయి.

ఆ రోజు టర్కీ ఎముకలు మిగిలాయి. మెదిపిన ఆలుగడ్డలు అడుగంటా గీకేశారు. మగవాళ్లు బెల్టులు వదులు చేసుకుని కుర్చీల్లో వాలిపోయారు. పంతొమ్మిది మందిలో ఒక్కరు కూడా ఇక చాలు అనకుండా లేవలేదు. లేసీ తన పళ్లెం ముందు కూర్చుని, ఏ గిన్నెలో ఎంతుందో చూడకుండా తిన్న మొదటి పండుగ అది. అయినా ఏడింటిలోనూ కలిపి నాలుగు ట్రేలంత డ్రెస్సింగ్ ఉండిపోయింది. దాన్నేం చెయ్యాలని ఓపల్ అడిగితే, ఈసారి వర్నా జవాబు చెప్పలేదు. లేసీని అడగమంది.

లేసీ పెద్దగా ఆలోచించలేదు. ఈ దారి పొడుగునా ఇళ్లున్నాయి కదా అంది.

నిమిషాల్లో వంటిల్లు కార్ఖానా అయింది. ఒకరు వడ్డించడం, ఒకరు కాగితం చుట్టడం, ఒకరు మోయడం. ఇంకా పొద్దుండగానే డస్టిన్ ట్రక్కు నిండా వెచ్చటి పళ్లేలతో లేసీ, రోండా, వర్నా బయల్దేరారు. విరిగిన చేత్తో నువ్వెందుకమ్మా అంటే వర్నా వినలేదు, ముందు సీట్లో రాణిలా కూర్చుంది. పొగాకు రైతు ఇంటి దగ్గర మూడు దించారు, కొత్తగా కాపురానికొచ్చిన జంటకి రెండు. ప్రతి గుమ్మం దగ్గరా వర్నా ఒకే మాట చెప్పింది. మా కోడలు చేసిన పండుగ, తినండి.

దారి చివర కొత్త వంతెన దగ్గర మిస్ ఆడ్రీ ఇల్లు. బడిలో వంటమనిషిగా చేసి, రిటైరై ఒంటరిగా ఉంటున్న ఎనభై ఏళ్ల మనిషి. తలుపు తట్టాక చాలాసేపటికి తీసింది. ఒంటి మీద కోటు, దాని మీద ఇంకో కోటు. లోపల గోడలు మంచుముద్దల్లా ఉన్నాయి. సోమవారమే ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు అయిపోయిందని, పండుగపూట జనాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నానని చెప్పింది. నేను బాగానే ఉన్నానమ్మా అని నవ్వింది. పళ్లెం రెండు చేతులా అందుకుంది.

లేసీ ఆ పళ్లెం ఆమె చేతిలోంచి వెనక్కి తీసుకుంది.

"ఇది ఇక్కడ కాదు మిస్ ఆడ్రీ. మా బల్ల మీద తిందురుగాని, గ్యాసు వచ్చేదాకా మా ఇంట్లోనే ఉందురుగాని. పీచ్‌పండ్లు కూడా ఉన్నాయి. పదండి."

వర్నా సీటు దిగి, మంచిచెయ్యి ఆమెకి అందించి, ముందు సీట్లో తన చోట కూర్చోబెట్టింది. తను వెనక రోండా పక్కన ఇరుక్కుంది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఇరవయ్యో కుర్చీ వేశారు. మిస్ ఆడ్రీ ఏడు డ్రెస్సింగులూ రుచి చూసి, బడిలో నాలుగు వందల మందికి చేసినదాన్ని, నన్నడిగితే మెత్తటిదే మేలు అని తీర్పు చెప్పింది. రోండా కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది.

ఇది చదువుతున్న మీకు ఒక్క మాట. మీరుండే దారి చివర కూడా అలాంటి మనిషి ఒకరుంటారు. అడిగితే బాగానే ఉన్నానంటారు, అడగకపోతే అదీ అనరు. ఫోన్ చేస్తే సరిపోదు, గొంతులో చలి వినపడదు. ఈ పూట కాస్త నడిచి వెళ్లి, తలుపు తట్టి, వాళ్ల పొయ్యి వెలుగుతోందో లేదో చూసి రండి.